శని, ఆదివారాల పట్టాదారులకు

గౌరవనీయులైన ఫామ్‌హౌస్ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. తహసీల్దార్ ఆఫీసుకు ఎదురుగా, చాయ్ బండి పక్కన ఉన్న జిరాక్స్ షాపు నాది. మీ రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసింది నేనే. ఆధార్, పాన్ కార్డు జిరాక్సులు తీసింది నేనే. పాస్‌పోర్టు ఫొటో మర్చిపోయి వచ్చిన మేడమ్‌ను మా తెల్లగోడ ముందు నిలబెట్టి ఫొటో తీసిందీ నేనే. 2020 నవంబరులో ధరణి పోర్టల్‌లో రిజిస్ట్రేషన్లు మొదలైనప్పటి నుంచి ఇదే పని. 2025లో ధరణి పోయి భూ భారతి వచ్చింది. నా కుర్చీ మాత్రం మారలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నేనూ భూమి అమ్మినవాడినే. 2018లో మా నాయన గుండె ఆపరేషన్, మా చెల్లె పెళ్లి అప్పు ఒక్కసారే మీద పడితే, ఉన్న మూడెకరాల ముప్పై గుంటల్లో ఎకరా ఇరవై గుంటలు అమ్మేశాను. కొన్నది సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే భార్యాభర్తలు. రేటు దగ్గర పెద్దగా బేరమాడలేదు, చెప్పిన తారీఖుకు పైసలిచ్చారు. రిజిస్ట్రేషన్ రోజు మా అమ్మ ఏడ్చింది. మా నాయన మాత్రం ఆస్పత్రి నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. కాబట్టి మా భూములు గుంజుకుంటున్నారని మొత్తుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మేం అమ్మాం, మీరు కొన్నారు. ఆ లెక్క అక్కడితో సరి.

ఊరి పేరు రాయను. చేవెళ్ల దాటి, మన్నెగూడ దాటి, వికారాబాద్ జిల్లాలో మెయిన్ రోడ్డు దిగి లోపలికొస్తే తగిలే ఊళ్లలో ఒకటి అనుకోండి.

మీరు ఇంత దూరం ఎందుకు రావాల్సి వచ్చిందో కూడా నాకు కొంత తెలుసు. మొదట్లో సిటీవాళ్ల తోటలన్నీ మొయినాబాద్, శంకర్‌పల్లి వైపే ఉండేవి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడు కాకూడదని 1996లో 111 జీవో తెచ్చి, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దన్నారు. అపార్ట్‌మెంట్ కట్టడానికి వీల్లేని చోట భూమి చవక. భూమి చవగ్గా దొరికి సిటీ పక్కనే ఉంటే తోటలు లేస్తాయి. తర్వాత అక్కడా రేట్లు పెరిగాయి. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. అక్కడ అమ్మినవాళ్లు చేవెళ్ల దగ్గర కొన్నారు, చేవెళ్లలో అందనివాళ్లు మా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ట్రిపుల్ ఆర్, అంటే రీజినల్ రింగ్ రోడ్డు, పేరు చెప్పి బ్రోకర్లు మిమ్మల్ని పరిగి దాకా తీసుకుపోతున్నారు.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు షాపు తీస్తుంటే మీ కార్లు వరసగా పోతుంటాయి. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో బొగ్గుల బస్తా, కూల్‌డ్రింకుల కేసు, నర్సరీ నుంచి తెచ్చిన మామిడి మొక్క. బిజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కిందుగా వచ్చేసరికే మీ మొహాల్లో సగం టెన్షన్ దిగిపోయి ఉంటుంది. బాగానే ఉంటుంది చూడటానికి. మీ పిల్లలకు వేరుశనగ భూమి లోపల కాస్తుందని తెలిసింది మా ఊళ్లోనే కదా.

ఇక అసలు విషయం. గేట్లు.

పోయిన అక్టోబరు చివరి వారం సంగతి. మా చిన్నాయన చేను మీ తోటల వెనకాల ఉంటుంది, రెండెకరాల పత్తి. కూలీలు దొరక్క దొరక్క దొరికితే మొదటి తీత తీయించాడు. తీసిన పత్తి పాత చీరల్లో మూటలు కట్టి గెట్టు మీద పెట్టారు. పద్నాలుగు మూటలు. మధ్యాహ్నం మూడింటికి అనంతగిరి వైపు ఆకాశం నల్లబడింది. ట్రాక్టర్ పిలిపించారు. ట్రాక్టర్ వచ్చి, బాటకు అడ్డంగా ఉన్న గేటు దగ్గర ఆగింది. గేటుకు తాళం. వాచ్‌మన్ మేనకోడలి పెళ్లికని కొడంగల్ పోయాడు. ఓనర్ సార్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. తర్వాత తెలిసింది, ఆయన ఆ టైంలో బెంగళూరు ఫ్లైట్‌లో ఉన్నాడు. అది ఆయన తప్పు కాదు, బుధవారం మనిషి తన ఉద్యోగంలో ఉంటాడు.

చిన్నాయన, చిన్నమ్మ, ట్రాక్టర్ డ్రైవర్, ఇద్దరు కూలీలు కలిసి మూటలను ఒక్కొక్కటిగా ముళ్లతీగ మీదుగా అవతలికి అందించారు. ఆరో మూట దగ్గర చిన్నమ్మ చీర కొంగు తీగకు పట్టుకుని మోచెయ్యి దాకా గీరుకుపోయింది. తొమ్మిదో మూట దగ్గర వాన మొదలైంది. చివరి ఐదు మూటలు తడిసిపోయాయి. తడిసిన పత్తి సంగతి మీకు తెలియకపోవచ్చు. సీసీఐ వాళ్లు, అంటే మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ, తేమ మిషన్ గుచ్చి చూస్తారు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికి కొంత కోత, 12 దాటితే అసలు కొనరు. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తడిసినదాన్ని ప్రైవేటు వ్యాపారి నోటికొచ్చిన రేటుకు తీసుకున్నాడు, అదీ ఉపకారం చేసినట్టు మొహం పెట్టి.

ఆ గేటు ఉన్నది నక్ష బాట మీద. ఈ మాట మీకు కొత్త కావచ్చు కనుక కాస్త వివరంగా రాస్తాను. ప్రతి ఊరికీ ఒక నక్ష ఉంటుంది, నిజాం కాలం సర్వే నాటిది. అందులో సర్వే నంబర్లు, కుంటలు, ఒర్రెలతోపాటు బండ్ల బాటలు, కాలిబాటలు చుక్కల గీతలతో గీసి ఉంటాయి. ఆ గీతలు ఊరందరూ నడిచే బాటలవి. మీ పాస్‌బుక్కులో మాత్రం సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు అన్నది ఒక్కటే ఉంటుంది. బాట ఎటు పోతుందో ఉండదు. కొలతకు వచ్చినవాడు టేపు పట్టి మీ విస్తీర్ణం ఎక్కడో ఒకచోట సరిపెట్టి పోతాడు. తరతరాల నుంచి నడుస్తున్న బాట నలుచదరం చేసిన కంచె లోపల పడిపోతుంది. మీకు అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. ఎండాకాలంలో చూస్తే అక్కడ బండి చక్రాల గుర్తు కూడా ఉండదు మరి. భూ భారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాప్ జత చేయాలన్న ఏర్పాటు ఉంది. అది పూర్తిగా నడిచే రోజున ఈ గొడవలు కొన్ని తగ్గుతాయేమో. అందాకా మీరే జిల్లా సర్వే ఆఫీసుకు దరఖాస్తు పెట్టి నక్ష కాపీ తీసుకోవచ్చు. దరఖాస్తు నేను రాసిస్తాను. దానికి డబ్బులు కూడా తీసుకోను, జిరాక్స్‌కు తప్ప.

నక్షలో లేని తోవలు కూడా ఉన్నాయి. "మా చేన్లోంచి పో పెద్దయ్యా" అని ఒక తరం ఇంకో తరానికి నోటిమాటతో ఇచ్చినవి. అమ్మేటప్పుడు ఆ మాట ఎవరూ మీకు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. మా భూమి తూర్పు గెట్టు మీదుగా మంగలి మామ తన చేనుకు పోయేవాడు. ఆ సంగతి కాగితంలో లేదు, నాకూ గుర్తు రాలేదు. ఇప్పుడాయన అర కిలోమీటరు చుట్టూ తిరిగి పోతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నీళ్ల గురించి రాయాలంటే చాలా ఉంది, రెండు ముక్కలే రాస్తాను. మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు పైన ఉన్న మెత్తటి మొరం పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తాయి. ఒకే పగులు మీద మూడు బోర్లు పడితే, అందులో లోతుగా వేసినవాడికే నీళ్లు. మీరు వెయ్యి అడుగులు వేయగలరు. పక్క రైతు మూడు వందల దగ్గర ఆగిపోయి ఉంటాడు, దానికే రెండేళ్ల అప్పు. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ తీసుకోవాలి. రిగ్గు బండి రాత్రి పదకొండింటికి వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోతే ఆ పర్మిషన్ సంగతి ఎవరికి తెలుస్తుంది?

స్విమ్మింగ్ పూల్ లెక్క కూడా ఒకసారి వేసి చూశాను. ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు ఉన్న చిన్న పూల్‌లో దాదాపు 50,000 లీటర్లు పడతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. ఈత కొట్టొద్దని అనను, మా పిల్లలూ చిన్నప్పుడు బాయిలో దూకినవాళ్లే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పూల్ నీళ్లు మార్చకండి. లాన్ అయితే అసలు వద్దు. చెలక భూమిలో గడ్డి పెంచి, దానికి నీళ్లు పెట్టి, మళ్లీ కోసి అవతల పారేయడం చూసి మా అమ్మ "బర్రెలన్నా లేవా వాళ్లకు" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

రెండోది ఒర్రె. జేసీబీ పెట్టి చదును చేయించేటప్పుడు, వానాకాలంలో నాలుగు రోజులు మాత్రమే పారే సన్న ఒర్రెను మట్టితో పూడుస్తున్నారు. దాని కింద కుంట ఉంది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన కుంట, ఇప్పుడు అందులోకి నీళ్లు వచ్చే దారే లేదు. చెరువుల ఆక్రమణల మీదికి హైడ్రా 2024లో వచ్చింది కానీ, దాని చేయి ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. మా దాకా వచ్చేవాళ్లు లేరు. కనుక చదును చేసే ముందు పక్క రైతును ఒక్క మాట అడగండి, "వానొస్తే నీళ్లు ఎటు పోతాయి పెద్దయ్యా" అని. ఆ ఒక్క ప్రశ్నకు ఇంజనీరు ఫీజు ఉండదు.

రాత్రిపూట సౌండ్ బాక్సుల గురించి, చేన్లలో పడేసే సీసాల గురించి నేను రాయను. అవి మా ఊరి కుర్రాళ్లు కూడా చేస్తున్నారు. పగిలిన సీసా ఎవరిదో నాగలికి ఎలా తెలుస్తుంది.

ఎక్కువ బాధ పెట్టేది బీడు.

మీరు భూమి కొన్న మొదటి ఏడాది చాలా సంబురంగా ఉంటుంది. మొక్కలు, డ్రిప్పు, కోళ్లు, రెండు ఆవులు. రెండో ఏడాది ఆవులు అమ్ముడుపోతాయి. మూడో ఏడాది పిల్లలకు ఐఐటీ కోచింగ్ మొదలవుతుంది, మీరు నెలకోసారి వస్తారు. ఆ తర్వాత గది చుట్టూ పది గుంటలు తప్ప మిగతాదంతా వయ్యారిభామ కలుపు. మేం దాన్ని చూసి బాధపడేది భూమాత అనే సెంటిమెంట్‌తో మాత్రమే కాదు. ఆ పొదల్లో పగలంతా అడవి పందులు పడుకుంటాయి. రాత్రి లేచి పక్కనున్న మక్కచేను మీద పడతాయి. ఒక్క రాత్రిలో అరెకరం నేలమట్టం. మంచె మీద కూర్చుని డబ్బా కొట్టే రోజులు పోయాయనుకున్నాం, మళ్లీ వచ్చాయి. ఇప్పుడు డబ్బా బదులు మైకులో రికార్డు చేసిన కుక్క అరుపు పెడుతున్నారు.

ఈ బీడుకు రైతు భరోసా కూడా పడింది, కొందరికి. సాగుకు యోగ్యమైన భూమికి ఎకరాకు ఏటా 12,000 రూపాయలని 2025 నుంచి ఇస్తున్నారు. అంతకుముందు 2018 నుంచి రైతుబంధు. పట్టా ఎవరి పేరున ఉంటే డబ్బులు వారి ఖాతాకే పోతాయి, దున్నేవాడికి కాదు. తప్పు మీది కాదు, పద్ధతి అలా ఉంది. మీలో ఒకాయన ఆ డబ్బులు తీసుకొచ్చి తన చేను కౌలుకు చేసే మనిషి చేతిలో పెట్టాడు, నా షాపులోనే. ఆయన పేరు రాస్తే ఆయనకు నచ్చదు. మొక్కుబడిగా కాదు, లెక్కపెట్టి ఇచ్చాడు.

కౌలుకు ఇవ్వండి అంటే మీలో చాలామంది వెనక్కి తగ్గుతారు. ఎందుకో నాకు తెలుసు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు భూమి మీద హక్కు వచ్చింది, 38-ఇ సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ కేసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. మీ లాయరు అదే చెప్పి భయపెడతాడు. కానీ 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం కూడా వచ్చింది. ఏడాదికి ఒక రుణ అర్హత కార్డు, దానితో పంట అప్పు అడగొచ్చు. కార్డు ఉన్నంత మాత్రాన భూమి మీద హక్కేమీ రాదని ఆ చట్టమే చెబుతుంది. మన దగ్గర దాన్ని అమలు చేసేవాళ్లు లేరు, ఎవరూ గట్టిగా అడగడమూ లేదు. పట్టాదార్లే తహసీల్దార్ ముందుకొచ్చి "మా భూమి ఫలానా మనిషి సాగు చేస్తున్నాడు" అని రాసిస్తే, ఆఫీసు వాళ్లకు తప్పించుకునే వీలు తగ్గుతుంది. మీరు పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసే మనుషులు. మీరు అడిగితే ఆఫీసులో కుర్చీ వేస్తారు. మేం అడిగితే రేపు రమ్మంటారు. ఇది రోజూ ఎదురుగా కూర్చుని చూస్తున్న సంగతే.

రాసివ్వడం ఇష్టం లేకపోతే కనీసం ఫోన్ ఎత్తండి. ఇప్పుడు పత్తి అమ్మాలంటే యాప్‌లో స్లాట్ బుక్ చేయాలి. పట్టాదారు వివరాలు కొట్టాలి, ఓటీపీ పట్టాదారు ఫోన్‌కు పోతుంది. పంట పండించిందేమో కౌలుదారు. మొన్న నవంబరులో ఒకాయన నా షాపులో నిలబడి గచ్చిబౌలికి ఫోన్ చేస్తున్నాడు. మొదటిసారి మీటింగ్‌లో ఉన్నానని కట్ చేశారు. రెండోసారి ఓటీపీ చెప్పారు, అప్పటికి దాని టైం అయిపోయింది. మూడోసారి, "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు మెసేజ్ పెట్టారయ్యా" అన్నారు. అదీ నిజమే! ఆయన ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ నా చేతికిచ్చాడు. నేను ఎవరో, షాపు ఎక్కడో, పత్తి ఎవరిదో అంతా చెప్పి నాలుగోసారికి పని అయ్యేసరికి ఆ రోజు స్లాట్లు అయిపోయాయి.

మా వాళ్లు తక్కువేం తినలేదు. అదీ రాయకపోతే ఈ ఉత్తరానికి విలువ లేదు. ఎకరాకు చెప్పిన రేటులో రైతుకు పోయేదెంత, మధ్యలో ముగ్గురు బ్రోకర్లకు పోయేదెంత అన్నది మీకు తెలిస్తే నిద్ర పట్టదు. కంచె తీగ కోసుకుపోయి పక్క ఊళ్లో అమ్మినవాడు మా ఊరివాడే. మీరు నెలకు రెండుసార్లే వస్తారని తెలిసి, మామిడికాయలు కోసి అమ్ముకుని "కోతులు తిన్నాయి సార్" అన్న వాచ్‌మన్ నాకు దూరపు చుట్టం. ఒకరికి అమ్మిన భూమిలో గెట్టు జరిపి, ఇంకో రెండు గుంటలు కలుపుకోవడానికి చూసినవాళ్లూ ఉన్నారు. అందుకే మీరు గోడలు కడతారు, గేట్లు పెడతారు. అది నాకు అర్థమవుతుంది.

మీలాగే కొందామని ఇప్పుడు తిరుగుతున్న మీ చుట్టాలు, ఆఫీసు దోస్తులు కొందరుంటారు. ఎకరాలు కొనే స్తోమత లేనివాళ్లు, మూడు గుంటలు, ఐదు గుంటలు అని ఫామ్ ప్లాట్లు చూస్తున్నవాళ్లు. వాళ్లకు ఈ కింది ముక్కలు ఫార్వర్డ్ చేయండి.

గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలు ఎకరం. ఐదు గుంటలంటే 605 గజాలు, సిటీలో వినడానికి చాలా పెద్దగా ఉంటుంది. కానీ 20 గుంటలకు తగ్గించి ముక్కలు చేసి, లేఔట్ పర్మిషన్ లేకుండా అమ్ముతున్నారంటే, అది పేరుకే ఫామ్, అసలుకు అక్రమ లేఔట్. పర్మిషన్ ఉన్న లేఔట్లో రోడ్లు, పార్కు జాగా గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకి ఇస్తారు. ఈ ఫామ్ ప్లాట్లలో రోడ్డు ఇంకా పాత యజమాని పట్టాలోనే ఉంటుంది. ఇవాళ ఆర్చి కట్టి, కొబ్బరి చెట్లు నాటి, చాయ్ బిస్కెట్ పెట్టి చూపించిన రోడ్డును, పదేళ్ల తర్వాత ఆయన కొడుకు దున్నేస్తే అడగడానికి మీ దగ్గర కాగితం ఉండదు. పోయిన ఎండాకాలం రిటైరైన భార్యాభర్తలు వచ్చారు. ఐదు గుంటలు కొన్నారట, నాలుగు హద్దు రాళ్లు చూపించారట. వానాకాలం పోయాక వస్తే రాళ్లు లేవు, గడ్డి నడుము దాకా ఉంది. ఆ పెద్దమనిషి ఫోన్లో పాత ఫొటో పెట్టుకుని, అందులో కనిపించే వేపచెట్టును వెతుక్కుంటూ మధ్యాహ్నం దాకా తిరిగాడు. ఆ చెట్టు కూడా కొట్టేశారు. షాపులో కూర్చుని నీళ్లు తాగి, "ఏం కాదులే, మన సర్వే నంబరైతే ఇదే కదా" అని ఆమెతో అన్నాడు. సర్వే నంబరు మొత్తం పదకొండెకరాలు. ఆ మాట నేను పైకి అనలేదు.

ఎర్రచందనం, శ్రీగంధం నాటి ఇస్తాం, పదిహేనేళ్లకు కోట్లు అంటే మాత్రం చిన్నగా నవ్వి బయటికి రండి. ఎర్రచందనం శేషాచలం కొండల చెట్టు, చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. శ్రీగంధం ఒంటరిగా బతకదు. దాని వేళ్లు పక్క మొక్క వేళ్లను పట్టుకుని తిండి లాగుతాయి. అందుకే తెలిసిన రైతులు దాని పక్కన కంది వేస్తారు. నాటి ఇస్తామన్న కుర్రాడిని "కంది ఎప్పుడు వేస్తారు" అని అడిగి చూడండి, మొహం చూస్తాడు.

అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినది, చవగ్గా వస్తోందని నోటరీ కాగితం మీద కొనకండి. 1977 చట్టం ప్రకారం అది అమ్మడమూ కొనడమూ చెల్లదు. మీ డబ్బులు పోతాయి, ఆ పేదవాడి భూమీ పోతుంది. అమెరికాలో ఉన్న తమ్ముడు ఆన్‌లైన్‌లో డబ్బు పంపి వ్యవసాయ భూమి కొంటానంటే ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, నిబంధనలు ఒప్పుకోవు. ఎన్నారైలు ఇల్లు, ఫ్లాటు కొనొచ్చు. సాగు భూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తే వేరే సంగతి. అమ్మ పేరు మీద కొని, అమ్మ పోయాక అన్నదమ్ములు నా షాపు ముందు అరుచుకున్న కేసులు ఉన్నాయి.

ఇక నేను అడగదలచుకున్నది ఒక్కటే. తాళంచెవి.

మా షాపు గోడకు, జిరాక్స్ మిషన్ పైన, ఒక చెక్క కొట్టి ఉంది. దానికి మేకులున్నాయి. ఒక్కో మేకుకు ఒక తాళంచెవి, దానికి కట్టిన అట్టముక్క మీద సర్వే నంబరు. ఇప్పటికి పదకొండు ఉన్నాయి. మొదటిది మా భూమి కొన్న వాళ్లదే. అదెలా వచ్చిందో చెప్పాలి.

మా ఊరి పోచమ్మ గుడి ఊళ్లో ఉండదు, చేన్ల మధ్యన వేపచెట్టు కింద ఉంటుంది. బోనాలప్పుడు డప్పులతో అందరూ ఆ బాట మీదుగానే పోవాలి. వాళ్లు కంచె వేసిన మొదటి ఏడాది బోనాల ఆదివారం, జనమంతా గేటు దగ్గర ఆగిపోయారు. తల మీద బోనాలున్నాయి, దించరాదు. కుర్రాళ్లు ఇద్దరు రాళ్లు చేతికి తీసుకున్నారు, తాళం పగలగొడదామని. ఆ రోజు భూమి కొన్న భార్యాభర్తలు లోపలే ఉన్నారు, పిల్లలతో. ఆ మేడమ్ చప్పుడు విని నైటీ మీద చున్నీ కప్పుకుని పరుగెత్తుకొచ్చింది. తాళం తీయబోతే చేతులు వణికి చెవి కింద పడిపోయింది. మా అమ్మ బోనంతో అలాగే నిలబడి, "మెల్లగ తియ్యి బిడ్డా, అమ్మవారికి తొందరేం లేదు" అంది. గేటు తెరుచుకుంది. అందరూ పోయాక ఆమె అక్కడే నిలబడి చూసింది. సాయంత్రం మా ఇంటి దగ్గరికి ఆయన వచ్చి రెండో తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "మేము లేనప్పుడు ఎవరికి కావాలన్నా ఇవ్వండి అన్నా, రాసి పెట్టుకోండి చాలు" అన్నాడు. అప్పటి నుంచి రిజిస్టర్ పెట్టాను. ఎవరు తీసుకున్నారు, ఎందుకు, ఎన్నింటికి తిరిగిచ్చారు. ఇన్నేళ్లలో ఒక్క దొంగతనం జరగలేదు. ఒకసారి మాత్రం గేటు వేయడం మరిచిపోతే గొర్రెలు లోపలికి పోయి మీ మందారాలు తిన్నాయి. దానికి గొర్రెల ఆసామి వచ్చి నాలుగు మొక్కలు కొనిచ్చాడు.

ఆ తర్వాతి ఏడాది ఆ మేడమ్ కూడా బోనం ఎత్తింది. కుండ మా అమ్మే తెచ్చిచ్చింది.

మా చిన్నాయన పత్తి తడిసిన గేటు ఆ పదకొండింటిలో లేదు. ఆ సార్‌తో నేను రెండుసార్లు మాట్లాడాను. "ఆలోచిద్దాం" అన్నారు. ఇది చదివి ఉంటే, సార్, మీ గేటు అవతల ఇప్పుడు కంది పూతకొచ్చింది. జనవరిలో కోత ఉంటుంది. కట్టెతో సహా కోసి కల్లానికి తేవాలి, తల మీద మోసేది కాదు, ట్రాక్టర్ తప్పదు. ఒక బాట వెడల్పు వదిలి కంచె వెనక్కి జరపడం మీకు ఇష్టమైతే చాలా సంతోషం. అంత పని వద్దనుకుంటే తాళంచెవి చాలు.

షాపు పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఉంటుంది. ఆదివారం ఆఫీసు ఉండదు కనుక షాపూ ఉండదు, రెండో శనివారం కూడా బంద్. మీరు వచ్చేదేమో ఆ రోజుల్లోనే. అప్పుడు మాత్రం పక్కనున్న చాయ్ బండి ఆయనకు ఇచ్చి పోండి, సర్వే నంబరు ఒక అట్టముక్క మీద రాసి. అట్టముక్క లేకపోతే చాయ్ కప్పు మీద రాసినా ఫర్వాలేదు, నేను చూసుకుంటాను.

ఇట్లు,
తహసీల్ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు వాడు,
రెండెకరాల పది గుంటల పట్టాదారు